మల్లవ్వ ఇంటి కొట్లాటలు

మా ఎదురింటివాళ్లు ఈ వారం తలుపులకు పాలిష్ వేయిస్తున్నారు. పొద్దున వంటింటి కిటికీ తెరవగానే లక్క, స్పిరిట్ కలిసిన ఘాటు వాసన లోపలికి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా నేను కిటికీ దగ్గర నుంచి కదలలేకపోయాను. మా ఆయన వచ్చి పొయ్యి ఆపి, కాసేపు నా పక్కనే నిలబడి, “మల్లవ్వ చిన్నమ్మ యాదికొచ్చిందా?” అని అడిగాడు. తల ఊపాను. ఆయన కూడా ఆ వాసన పీల్చుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

పెళ్లయిన కొత్తలో మేము చంద్రపూర్ వైపు సాస్తి బొగ్గు గని పక్కన ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన గనిలో డంపర్ నడిపేవాడు. క్వార్టర్ దొరికేదాకా ఉందామని వడ్ల రాజలింగం గారి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. రాజలింగం, ఆయన భార్య మల్లవ్వ, ఇంటి ముందు రేకుల పందిరి కింద చెక్కపని చేసుకుని బతికేవాళ్లు. తలుపులు, కిటికీలు, మంచాలు, పీటలు, అప్పుడప్పుడు నాగళ్లు. ఆయన కోసేవాడు, చెక్కేవాడు. ఆమె రంపం రెండో కొస పట్టుకునేది, చెక్కను నునుపు చేసేది, పాలిష్ వేసేది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఒక్కసారి చెప్పి, మళ్లీ ఎత్తలేదు. నేను ఆయనను కాకా అనేదాన్ని, ఆమెను చిన్నమ్మా అనేదాన్ని.

నేను మంచిర్యాల వైపు నుంచి వచ్చినదాన్ని. ఆ ఊళ్లో సగం మంది మరాఠీ మాట్లాడేవారు. నాకు ఒక్క ముక్క రాదు. మా ఆయన మంచివాడే, కాని మాట తక్కువ. పనికి పోవడం, రావడం, తినడం, పడుకోవడం. మధ్యాహ్నం గనిలో బాంబులు పేల్చినప్పుడు అటక మీద గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు ఆగాక గది ఇంకా ఖాళీగా అనిపించేది. ఏడుపు వచ్చేది. ఒక రోజు చిన్నమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“పొద్దటి సంది ఏం చేస్తున్నవ్ బిడ్డా?”

“ఏం లేదు చిన్నమ్మా. ఊకెనే కూసున్న.”

“ఊకెనే కూసుంటే మనసు ఎటెటో పోతది. రా, గీ పలక రుద్దు. నార ఎటుంటే అటే రుద్దాలె. అడ్డం రుద్దితే గీతలు వడ్తయి.”

చేతిలో ఒక గరుకు కాగితం ముక్క పెట్టింది. ఆ సాయంత్రానికి నా అరచేతులు మండిపోయాయి. కాని ఆ ఊరికి వచ్చాక నాకు మొదటిసారి ఆకలేసింది.

అప్పటినుంచి రోజూ పందిట్లోకి వెళ్లేదాన్ని. వాళ్లిద్దరూ పొద్దంతా కొట్లాడుకునేవాళ్లు. మా పుట్టింట్లో పెద్దవాళ్లు గొంతు పెంచితే ఇల్లంతా బిగుసుకుపోయేది. ఇక్కడ అలా కాదు. కాక ఒకసారి చెక్కలు అతికించే సరేసు గిన్నెను తెచ్చి అంబలి గిన్నె పక్కన పెట్టాడు. చిన్నమ్మ అంబలిలో పోయాల్సిన మజ్జిగ సరేసులో పోసింది. సరేసు విరిగిపోయింది. గిన్నె అక్కడ పెట్టినవాడిది తప్పా, చూడకుండా పోసినదానిది తప్పా అని ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. వాదిస్తూనే కొత్త సరేసు కాచారు, వాదిస్తూనే కుర్చీ కాళ్లు అతికించారు, అదే అంబలి చెరిసగం తాగారు. మరోసారి రాజురా నుంచి వచ్చిన ఒక మరాఠీ పెద్దాయన, తెల్లటి పైజామాతో, పాలిష్ ఆరని కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీని దారిలో పెట్టిందెవరని వీళ్లు లోపల తగువులాడుకుంటూ ఉండిపోయారు. బయటికి వచ్చేసరికి ఆయన లేవలేక నవ్వుతున్నాడు. అంటుకున్న పైజామాను కుర్చీకే వదిలేసి, కాక ఇచ్చిన పంచె కట్టుకుని ఇంటికి పోయాడు. వారం తిరక్కుండా పంచె ఉతికి తెచ్చిచ్చి, మనుషుల్ని లేవనిచ్చే కుర్చీలు కావాలని చెప్పి మరీ చేయించుకున్నాడు.

ఆ వానాకాలంలో అలమారి సంగతి జరిగింది. కోర్పనా వైపు ఒక పత్తి రైతు కొత్తిల్లు కట్టుకుని పెద్ద టేకు అలమారి కావాలన్నాడు. ముసురు పట్టి పందిరి కారుతుంటే కాక పనిని నడింట్లోకి మార్చాడు. వానలు తెరిపి ఇచ్చేసరికి అలమారి తయారైంది. పైన పూలు, ఆకులు చెక్కిన అంచుతో చూడముచ్చటగా ఉంది. తీసుకుపోవడానికి టెంపో వచ్చింది. నలుగురు మనుషులు పట్టి గుమ్మం దాకా తెచ్చారు. అలమారి గుమ్మం కంటే జానెడు ఎత్తుంది. వంచి తీద్దామంటే గదిలో చోటు చాలలేదు.

“దర్వాజ సూసి చెయ్యి అని చెప్తనే ఉన్న,” అంది చిన్నమ్మ.

“సూసిన. దర్వాజ కన్న తక్కువనే చేసిన.”

“మరి మీద గా పూలు వెట్టినవ్ గదా, గవ్వి ఎవలు కొలవాలె?”

పూలు పెట్టమన్నది చిన్నమ్మే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. టెంపో డ్రైవరు మరాఠీలో ఏదో అంటూ, పై భాగం కోసేయమని చేత్తో సైగ చేశాడు. కాక రంపం అందుకున్నాడు. చిన్నమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆగు. అది మంది సామాను. దాన్ని కోసుడేంది? దర్వాజ మనది. దర్వాజ తియ్యి.”

గుమ్మం చెక్కలు పెకిలిస్తుంటే మట్టిగోడ పెళ్లలు పెళ్లలుగా ఊడింది. అలమారి పువ్వు చెదరకుండా బయటికి వెళ్లింది. ఊళ్లోవాళ్లందరికీ తలుపులు చేసే ఆ ఇంటికి ఆ ఏడాది దీపావళి దాకా తలుపు లేదు. ఎప్పుడు చేద్దామన్నా ఎవరిదో ఒక పని ముందుండేది. గోనెసంచులు కుట్టి వేలాడదీశారు. ఊళ్లోని మేకలన్నీ ఆ ఇంటి నడింట్లోనే వాన తప్పించుకునేవి.

అలమారి వెళ్లిన సాయంత్రం చిన్నమ్మ ఆ కూలిన గోడ మధ్య కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని నన్ను అడిగింది.

“నువ్వు నీ మొగనితోటి కొట్లాడ్తవా?”

“లేదు చిన్నమ్మా. మా మధ్య ఏం కొట్లాట లేదు.”

“మరి మాట్లాడ్తవా?”

ఆ రాత్రి మా ఆయన బొగ్గు దుమ్ముతో ఇంటికి వచ్చాక, అన్నం పెడుతూ అలమారి కథంతా చెప్పాను. ఆయన అంత గట్టిగా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వాక, “అడ్డం తిప్పి తీస్తే వచ్చేది గదా,” అన్నాడు. రాదన్నాను. వస్తదన్నాడు. సుద్దముక్కతో నేల మీద గది గీసి చూపించాడు. నేను దాన్ని చెరిపి మళ్లీ గీశాను. అన్నం చల్లారిపోయింది. మేమిద్దరం మొదటిసారి కొట్లాడుకున్నది ఆ అలమారి గురించే. మంచంలో పడుకున్నాక కూడా ఆయన, “కాదు, కాళ్లు ముందల వెడితే?” అన్నాడు. ఆ గదిలో నేను ఒంటరిగా లేనని నాకు అనిపించింది అప్పుడే.

తర్వాతి ఎండాకాలంలో కాక చేతికి దెబ్బ తగిలింది. అప్పటికి కోత మిషన్ ఒకటి కొన్నారు. పలక కోస్తుండగా కరెంటు పోయింది. పళ్లలో ఒక పేడు ఇరుక్కుంటే, మీట ఆపకుండానే తీయబోయాడు. కరెంటు వచ్చింది. నేను అక్కడే పాలిష్ గుడ్డతో కూర్చుని ఉన్నాను. చిన్నమ్మ నీళ్ల బిందె అక్కడే వదిలేసి వచ్చి, కొంగు చింపి ఆ చేతికి గట్టిగా చుట్టింది. “ఆటో పిల్సుకరా బిడ్డా,” అన్నది, కూరగాయలు తెమ్మన్నంత నెమ్మదిగా. రాజురాలో కట్టు కట్టి చంద్రపూర్ పంపారు. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి.

ఇంటికి వచ్చాక కాక పందిట్లోకి రాలేదు. లోపల మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. చిన్నమ్మ ఏం చెప్పినా “సరే” అనేవాడు. పెరట్లో చింతమొద్దు అమ్మేద్దామా అంటే సరే. మిషన్ తీసేద్దామా అంటే సరే. ఆ ఇల్లు నిశ్శబ్దమైపోయింది. రక్తం చూసినప్పుడు కూడా అంత భయపడలేదు నేను. ఒక రోజు చిన్నమ్మ పందిరి గుంజకు ఆనుకుని, “కూరల ఉప్పే ఎయ్యలే బిడ్డా. మంచిగున్నదని తిన్నడు,” అంది. ఆమె ఏడవడం అదొక్కసారే చూశాను.

మర్నాడు ఆమె కొంగు నడుముకు చుట్టి, ఒప్పుకున్న తలుపొకటి ఉంటే తనే మొదలుపెట్టింది. పలకను బల్ల మీద బిగించి రందా పట్టింది. చెక్కను చదును చేసే ఆ పనిముట్టు కాక చేతిలో మెత్తగా జారేది. ఆమె చేతిలో కీచుమంది, ఆగింది, పెచ్చులు లేపింది. పొద్దెక్కేదాకా అలాగే లాగింది. ఊళ్లోవాళ్లు దారిన పోతూ ఆగి చూసి, ఆడమనిషి చేసిన తలుపు ఎవరు పెట్టుకుంటారని అనుకుంటూ వెళ్లారు. ఆమె తల ఎత్తలేదు. చివరికి లోపలినుంచి గొంతు వినిపించింది.

“రందా ఎదురు వట్టినవే. ఇనవడ్తలేదా నీకు?”

“ఇనవడ్తలేదు,” అంది చిన్నమ్మ, చెయ్యి ఆపకుండా. “నీకు ఇనవడ్తే వచ్చి సూపియ్యి.”

రందా ఇంకా కీచుమంటూనే ఉంది. తర్వాత మంచం కిర్రుమంది. కాక గడప దాటి వచ్చి, ఎడమ చేత్తో పలకను అటు నుంచి ఇటు తిప్పి పెట్టాడు. “ఇప్పుడు వట్టు,” అన్నాడు. చెక్క పొర రిబ్బనులా చుట్టుకుంటూ లేచింది. “గట్ల కాదు, మోచెయ్యి దించు.” “దించిన.” “ఏడ దించినవ్?” నేను పాలిష్ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆ తలుపుకు బందులు తప్పు వైపు బిగించారు. ఎడమవైపు అని ఆయన అన్నది తన ఎడమ, ఆమె బిగించింది తన ఎడమ. విప్పి మళ్లీ బిగించినంతసేపూ ఎవరి ఎడమ అసలు ఎడమ అన్నదే గొడవ. తలుపు చేయించుకున్న పంతులమ్మ గడప మీద కూర్చుని టీ తాగుతూ వింది. ఆ తలుపు ఆమె ఇంటికి పెట్టాక, ఆడమనిషి చేసిందని ఊళ్లో ఎవరూ అనలేదు.

అలా ఆయన కళ్లు, ఆమె చేతులు కలిసి చాలా ఏళ్లు పనిచేశాయి. మాకు లాల్‌పేట్‌లో క్వార్టర్ దొరికి వచ్చేశాక కూడా సెలవు దొరికితే అక్కడికే వెళ్లేవాళ్లం. గని పెరుగుతూ పెరుగుతూ ఊరి అంచుకు వచ్చింది. ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్లు కోర్పనా దగ్గర చిన్నమ్మ తమ్ముడి ఊరికి పోతున్నారని తెలిసి సాయానికి వెళ్లాం. బల్లలు, పనిముట్లు, పందిరి రేకులు ట్రాక్టర్‌కు ఎక్కించాం. తాడు ముడి ఎటు వేయాలని ఇద్దరూ వాదించుకుంటుండగానే ట్రాక్టర్ కదిలింది. మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా వాళ్ల గొంతులు కాసేపు వినిపించాయి. వాళ్లిద్దరినీ కలిపి చూడడం అదే ఆఖరు. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఆ ఇల్లు ఉన్నచోట లోతైన గొయ్యి ఉంది. దాని పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు ఉన్నాయి. రాజురా బస్సులో వెళ్లినప్పుడల్లా పందిరి ఎక్కడ ఉండేదో వెతుకుతాను. మట్టి అంతటా ఒకేలా ఉంటుంది.

ఊరు వదిలిన ఏడాది చలికాలంలోనే కాక గుండె ఆగి పోయాడు. దినాలన్నీ అయ్యాక నేను ఒక్కదాన్నే వెళ్లాను. చిన్నమ్మ తమ్ముడి ఇంటి చూరు కింద కూర్చుని కిటికీ చట్రం బిగిస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చోమని పీట జరిపింది. తర్వాత ఆమె చట్రాన్ని నా ఒళ్లోకి జరిపింది.

“జర సూడు బిడ్డా. తప్పేడున్నదో చెప్పు.”

“బాగనే ఉన్నది చిన్నమ్మా.”

“అందరు గదే అంటున్రు,” అంది. “తమ్ముడు గదే అంటడు, మరదలు గదే అంటది. ఏం చేసినా బాగున్నది, బాగున్నది.”

చట్రాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. నాలుగు మూలలూ వేళ్లతో తడిమాను. వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను.

“ఇగో, గీ కింది మూల జర లేసినట్టున్నది.”

“లేసిందా? ఏది?” ఆమె చట్రం లాక్కుంది. “ఏడ లేసింది? నీకు కండ్లు మసకలు వచ్చినయా ఏంది?”

“నాకు కనవడ్తున్నది. నువ్వు అటు తిప్పి సూడు.”

“అటు తిప్పేది నువ్వు నాకు చెప్పాల్నా? నా చేతుల్నే పని నేర్సుకొని.”

ఎండ చూరు కింది నుంచి జారి వాకిట్లోకి పోయేదాకా ఆ మూల గురించే కొట్లాడుకున్నాం. ఆమె రందా తెప్పించింది, మట్టం పెట్టింది, తమ్ముణ్ని సాక్ష్యానికి పిలిచింది. బస్సు వేళకు నేను లేస్తే, మాట పూర్తి కాలేదని రోడ్డు దాకా వెంట వచ్చింది. ఆ మూల చక్కగా ఉందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

మరుసటి ఏడు ఆమె కూడా పోయింది. మా ఆయనకు ఇప్పుడు రిటైర్మెంట్ దగ్గర పడింది, మాట మళ్లీ తగ్గుతోంది. ఏదడిగినా “నీ ఇష్టం” అంటాడు. అలా అన్న రోజు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఎదురుగా వచ్చి కూర్చుంటాను. నా ఇష్టం సంగతి తర్వాత, నీకేం అనిపిస్తుందో చెప్పమంటాను. చెప్పేదాకా లేవను.