పదిహేడో నంబరు నల్లమద్ది

తొమ్మిదేళ్ల కింద తీగ బిగిస్తున్నప్పుడు తాను తప్పు చేస్తున్నానని యాకోబుకు తోచలేదు. అడవిలో రోజుకూలీ వాచరు అతను. ధారూర్ దగ్గర ప్రాజెక్టు ఒడ్డున ముప్పై చెట్లకు, పైన రాళ్లగుట్ట మీద ముప్పై చెట్లకు తీగతో రేకు నంబర్లు కట్టాడు. నీళ్ల పక్కన అడవి ఎంత పెరుగుతుందో, నీళ్లందని చోట ఎంత పెరుగుతుందో చూడాలట. ఏటా టేపుతో చుట్టుకొలత పట్టి రిజిస్టరులో రాయాలి. చెట్టు లావెక్కినా ఒరుసుకోకుండా తీగలో నాలుగు వేళ్లు దూరాలని అప్పటి ఫారెస్టు సారు చెప్పాడు. మేకలకాపరులు రేకులు ఊడబీకి మేకల మెడకు కట్టుకుంటున్నారన్న కోపంతో యాకోబు పట్కారుతో రెండు మెలికలు ఎక్కువే తిప్పాడు.

గుట్ట మీది చెట్లకేం కాలేదు. అవి ఎండాకాలమంతా మోడుల్లా ఊపిరి బిగబట్టుకుని ఉంటాయి. తీగ ఇప్పటికీ వేలికి తగులుతుంది. ఒడ్డు చెట్లు అట్లా కాదు. ప్రాజెక్టు నీళ్లు నేలకింద పాకి వేర్లను తడుపుతాయి, మండుటెండల్లో కూడా తాగుతాయవి. బలిశాయి. తీగను మింగాయి. పదిహేడో నంబరు నల్లమద్దికి బెరడు గూనిలా ఉబ్బింది, చివరి కొమ్మలు ఎండుతున్నాయి.

ఇది ఎవరికీ చెప్పలేదు. అందుకే ఎక్కడికీ పోలేకపోయాడు కూడా. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర వాచ్‌మన్ పని, ఉండటానికి గది ఉన్నాయని బామ్మర్ది బాలస్వామి ఏడాదిగా పిలుస్తున్నాడు. తాను పోతే రిజిస్టరు ఇంకొకడి చేతికొస్తుంది. వాడు మొదటిరోజే ఆ ఉబ్బు చూస్తాడు.

"చెట్లనేమన్న పెండ్లి జేస్కున్నవా?" అంది భార్య భీమమ్మ. "సోమారం లోపట రాకుంటే గది ఇంకొకలకిస్తరంట."

"ఒక్క పని మిగిలింది."

"తొమ్మిదేండ్ల సంది గదే ఒక్క పని."

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి, పట్కారు, ఉలి పట్టుకుని పదిహేడో నంబరు దగ్గరికి పోయాడు. పట్కారుకు తీగ అందలేదు. చుట్టూ బెరడు చెక్కితే చెట్టే చస్తుంది. ఒక్కచోట వేలెడంత చెక్కి, లోపల తీగను తెంపాడు. 'టక్' మంది. మిగతాది లోపలే ఉంది.

అక్కడే కూర్చుని రిజిస్టరులో రాశాడు: 'పదిహేడు. తీగ బిగించింది నేనే.' తెల్లారి బీట్ ఆఫీసరు మనీషా ముందు పెట్టాడు.

ఆమె రెండుసార్లు చదివింది. "గిట్లాంటివి ఎన్నున్నయి?"

"ఒడ్డుకున్నయన్ని, మేడం. నన్ను తీసెయ్యుండ్రి. తాండూరు పోత." చెప్పేశాక గుండె మీది బండ దిగినట్టయింది.

"పోతనంటే పో యాకోబన్నా, నేను ఆపను. నీ మీదేం రాయను కూడ." రిజిస్టరు మూసింది. "కని రేకులు సగం రాలినయి. లోపల తీగె ఏడుందో, మెలిక ఏ దిక్కుందో నువ్వు లేకుంటే మాకెట్ల దొరుకతది? ఎవరన్న గొడ్డలి వట్టి చుట్టు చెక్కుతరు. గంతే."

"తీగలన్ని తెంపాలంటే ఎన్ని రోజులైతది మేడం?"

"గాయం మానినంకనే ఇంకో దిక్కు కొయ్యాలె. రెండు వానకాలాలు."

బయటికొచ్చి భీమమ్మకు ఫోన్ చేశాడు. "గది ఇంకొకలకే ఇయ్యమను."

"మంచిది," అంది భీమమ్మ. "సద్ది గట్టి పంపుత. ఆడనే పండు."

తాండూరు పోయే రైలు ధారూర్ స్టేషన్లో కూత పెట్టింది. యాకోబు పద్దెనిమిదో చెట్టు దగ్గర నిలబడి, బెరడు మీద వేళ్లతో తీగ కోసం తడుముతున్నాడు.