ముందు సీటు కింద తెగిన తీగ: మా యాకయ్య అన్న గురించి

యాకయ్య అన్న పోయాడు.

నిన్న స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే వదిన ఫోన్ చేసింది. "చెల్లే, మీ అన్న లేడు" అంది. నమ్మలేక రెండుసార్లు అడిగాను. పిల్లలంతా నా ముఖమే చూస్తున్నారు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. యాకయ్య అన్న మహబూబాబాద్‌లో కార్లకు, ట్రాక్టర్లకు వైరింగ్ పని చేసేవాడు. మాకు చుట్టం కాదు. కానీ మా అమ్మ ఈ రోజు బతికి ఉందంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

మాది కొత్తగూడ దగ్గర తండా. అమ్మను మేం యాడి అంటాం. మూడేళ్ల క్రితం యాడికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మహబూబాబాద్‌లో డయాలసిస్. బస్సులో అంత దూరం కూర్చోలేదని ఒక పాత పెట్రోల్ కారు కొన్నాను.

నెల రోజులు బాగానే నడిచింది.

తర్వాత అడవి రోడ్డు మీద పోతూ పోతూ ఇంజన్ ఆగిపోవడం మొదలైంది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజన్ అందుకునేది కాదు. ఉక్కపోతకు తట్టుకోలేక యాడి దిగి చెట్టు నీడకు పోతే...

వెంటనే స్టార్ట్!

మళ్లీ ఆమె ఎక్కి కూర్చుంటే, ఏదో ఒక గుంత దగ్గర మళ్లీ ఆగేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఏ ప్రాబ్లమ్ లేదు.

ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, చివరికి పెట్రోల్ పంపు కూడా మార్చారు. వాళ్లు నడిపినప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

తండాలో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె కాలు పెడితేనే బండి ఆగుతోందని. ఆ మాట యాడి చెవిన పడింది. అంతే, ఒక రోజు పొద్దున గడప దాటనంది.

"నేను ఎక్కితె ఆగుతది, దిగితె నడుస్తది. నా టైం అయిపోయిందని బండి చెప్తాంది బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు."

రెండు డయాలసిస్‌లు మానేసింది. ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి. ఊపిరాడటం లేదు. మూడోసారి నేనూ తమ్ముడూ కాళ్లావేళ్లా పడి ఎక్కించాం.

ఇంకాసేపట్లో మహబూబాబాద్ చేరతామనగా కారు మళ్లీ ఆగింది. యాడి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఎవరో చెబితే యాకయ్య అన్న స్కూటర్ మీద వచ్చాడు. బండిని చూడలేదు, ముందు యాడిని చూశాడు. రోడ్డు మీద పోయే ఆటోను ఆపి "అవ్వను ముందుగాల దవాఖానకు తోల్కపో" అని తమ్ముడితో పంపించాడు.

తర్వాత నన్ను అడిగాడు. "పోయేటప్పుడు ఎవలు యాడ కూసుంటరు? వచ్చేటప్పుడు యాడ కూసుంటరు?"

ఇంత మందికి చూపిస్తే ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే.

పోయేటప్పుడు నేను నడుపుతుంటే యాడి నా పక్కన ముందు సీట్లో కూర్చుంటుంది. వాచిన కాళ్లు చాపుకోవడానికి సీటు పూర్తిగా వెనక్కి జరుపుతాం. వచ్చేటప్పుడు నీరసంతో వెనక సీట్లో పడుకుంటుంది. తమ్ముడు సీటు ముందుకు జరుపుకుని కూర్చుంటాడు.

ఆయన బానెట్ కూడా తెరవలేదు. నన్ను ఇంజన్ స్టార్ట్ చేయమని, ముందు సీటు పూర్తిగా వెనక్కి తోసి, దాంట్లో బరువుగా కూర్చుని రెండుసార్లు ఊగాడు.

ఇంజన్ ఆగింది!

"దొరికింది చెల్లే" అని నవ్వాడు.

సీటు కింద కార్పెట్ లేపితే పెట్రోల్ పంపుకు పోయే తీగ ఉంది. పైకి బాగానే ఉంది. లోపల రాగి పోగులు తెగి ఉన్నాయి. సీటు వెనక్కి జరిపి ఎవరైనా కూర్చుంటే, గుంతల్లో కుదుపు వచ్చినప్పుడు దాని ఇనుప పట్టీ తీగను నొక్కేది. తెగిన పోగులు విడిపోయి పంపుకు కరెంటు ఆగిపోయేది. మనిషి లేస్తే మళ్లీ కలిసేవి. పాడైన ముక్క కోసేసి, కొత్త తీగ వేసి, పట్టీకి తగలకుండా పక్క నుంచి తిప్పాడు.

పని అక్కడితో అయిపోయింది. కానీ ఆయన కోసిన ఆ ముక్కను జేబులో వేసుకుని నాతో పాటు దవాఖానకు వచ్చాడు. డయాలసిస్ బెడ్ పక్కన నిలబడి యాడి చేతిలో పెట్టాడు.

"అవ్వా, గిది చూడు. గీ తీగ తెగింది, గంతే. నేను కూసున్నా బండి ఆగింది. నీకు దానికి ఏం సంబంధం లేదు."

యాడి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ల నిండా నీళ్లు. "మరి నేను ముందట్నే కూసోవచ్చునా కొడుకా?" అని అడిగింది.

"నువ్వు కూసోక ఎవలు కూసుంటరు అవ్వా!"

ఆ తర్వాత యాడి ఒక్క డయాలసిస్ కూడా మానలేదు.

ఆరు నెలలుగా అన్నకు ఆయాసం. మెట్లు ఎక్కలేకపోయేవాడు. దవాఖాన మిషన్ల మధ్య పోతానేమోనని భయపడేవాడు. నాకూ అదే భయం ఉండేది. నిన్న పొద్దున చాయ్ తాగి, కుర్చీలో వెనక్కి వాలి అలాగే వెళ్లిపోయాడట. "జరంత సుత తిప్పలు పడలే చెల్లే" అని వదిన చెప్పినప్పుడు ఏడుస్తూనే గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం యాడిని తీసుకెళ్లాం. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని "నా పెద్దకొడుకు సుఖంగ పోయిండు" అంది. ఏడవలేదు. చాలాసేపు ఆయన పాదాలు నిమురుతూనే ఉంది.

ఇక ఆయాసం లేదు అన్నా. నెమ్మదిగా, హాయిగా ఉండు.

పోయి రా.