పోసి సూడు మాస్టారు

మా అప్పలసూరి మాస్టారికి గిన్నె కనబడితే చాలు, అందులో ఎన్ని నీళ్ళు పడతాయో పోసి చూడందే ప్రాణం నిలవదు. గిన్నె అనే ఏముంది, గుంట ఉన్న వస్తువు ఏదైనా సరే. నరసన్నపేట పక్కన మా చిన్న బడిలో ఆయన ఒకటి, రెండు తరగతులు చూస్తారు, నేను పై తరగతులు చూస్తాను. ఆయన స్కూటర్ డిక్కీలో కొలతకి ఇత్తడి సోల, కొబ్బరి చిప్పలు, ఐస్‌క్రీం కప్పులు, మూతలు పోయిన సీసాలు గలగలలాడుతుంటాయి. ఆ చప్పుడు వినగానే పిల్లలు "మాస్టారొచ్చీసినారు!" అని గేటు దగ్గరికి పరిగెడతారు. నేను మాత్రం నా హెల్మెట్ దాచుకుంటాను.

ఊరికే దాచుకోవడం లేదు. ఒకరోజు సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ హెల్మెట్ పెట్టుకున్నానో లేదో, నెత్తిమీంచి నీళ్ళు ధార కట్టి చీరంతా తడిసిపోయింది.

"ఏంటి మాస్టారూ ఇది?" అని అరిచాను.

"ఒంపీసేననుకున్నాను టీచరమ్మా! లోపల స్పాంజి తాగీసినట్టున్నాది." ఆ ముఖంలో పశ్చాత్తాపం లేదు, పండగ ఉంది. "గాలి కన్నాలకి బంకమట్టి ఎట్టి పోసేమండీ. సోలల మీద సోలలు పట్టీసింది! పిల్లలు ఒకటే గెంతులు!"

బజార్లోనూ ఇదే తంతు. టీ కొట్టు తిరుమలరావు ఓసారి సన్నటి పొడుగు గ్లాసులు తెచ్చాడు. టీ ఎక్కువిస్తున్నాడని ఊరంతా మురిసిపోయింది. మన మాస్టారు తన గ్లాసులోని టీని అక్కడే ఉన్న పాత పొట్టి గ్లాసులోకి ఒంపారు. పొట్టి గ్లాసు నిండలేదు. "ఇంకా నోరు తెరుసుకునే ఉన్నాది సూడు!" అని అందరికీ ఎత్తి చూపించారు. తిరుమలరావు రెండు చేతులూ జోడించాడు. "బాబ్బాబూ! మీరెంత కావాల్తే అంత తాగండి. నలుగుర్లో మాత్రం పొయ్యకండి!"

ఇక పాఠం సంగతి చెప్పాలా? ఎక్కువ, తక్కువ అని పుస్తకంలో బొమ్మ చూపించి వదిలేసే మనిషి కాదు. "కళ్ళు అబద్దం సెప్తాయర్రా. పోసి సూడు!" అంటారు. ఒకటో తరగతి గుమ్మంలో చెప్పులు వదిలితే కాసేపటికి మా గది ముందు తేలుతాయి.

ఆ ఒకటో తరగతిలోనే అర్చన ఉంది. మామ్మ తవిటమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల. పొద్దున్నే బడిలో పిల్లలకు చోడి జావ, అదే రాగి జావ, పోస్తారు, ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలి. అందరివీ నిలువెత్తు స్టీలు గ్లాసులు. అదే తరగతి బాబీది మరీ పొడుగు, దానిమీద బొమ్మలు కూడా. అర్చనది సొట్టలు పోయిన సత్తుగిన్నె, పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది.

"నీదాన్లో ఏటీ పట్టదే!" అన్నాడు బాబీ. అందరూ నవ్వారు. అర్చన గిన్నె గౌనులో దాచుకుని "నాకు ఆకలి నేదు" అంది. మర్నాడూ తాగలేదు. తర్వాత బడికి రావడమే మానేసింది.

"ఓ స్టీలు గ్లాసు కొనిచ్చేస్తే పోదా మాస్టారూ?" అన్నాను.

"గ్లాసు కొనిస్తే గిన్నె ఓడిపోయినట్టే కదండీ," అని స్కూటరెక్కి వాళ్ళింటికి వెళ్ళారు.

మర్నాడు అర్చన వచ్చింది, గిన్నె వీపు వెనక పెట్టుకుని. బళ్ళో పెద్ద పోటీ! ఎవరిదాన్లో ఎక్కువ పడితే జావ వరసలో వాళ్ళదే మొదటి చోటు. నేను పాఠం ఆపేసి మా పిల్లలతో సహా కిటికీ దగ్గరికి చేరాను.

"ఎవుల్ది గెలుస్తాది?" అని అడిగారు మాస్టారు.

"బాబీది! బాబీది!" గది దద్దరిల్లింది.

"మీరు సెప్పండి సార్," అన్నాడు బాబీ.

"నాకేటి తెలుసురా? ముందే తెలిసిపోతే అది పోటీ ఎలాగవుతాది? పోసి సూడు!"

గ్లాసులన్నిటిలోనూ బాబీదే గెలిచింది. ఇక మిగిలింది గిన్నె ఒక్కటే. బాబీ తన గ్లాసు అంచుదాకా నింపి గిన్నెలో పోశాడు. మొత్తం పోశాడు. గ్లాసు బోర్లించి దులిపాడు కూడా. గిన్నె నిండలేదు!

"ఒలమ్మో! ఇంకా కాళీ ఉన్నాది!" అని ఎవరో కేక పెట్టారు.

"తిరగేసి పొయ్యే అర్చనా!" అన్నారు మాస్టారు. అర్చన గిన్నె నింపి గ్లాసులోకి ఒంపింది. గ్లాసు నిండింది, పొంగింది, బాబీ కాళ్ళమీద పడింది. వాడికి ఏడుపు రావాలి కదా? గెంతులు వేస్తున్నాడు! "నాది పొడుగు! దాంది లావు! సార్, లావుదాన్లో ఎక్కువ పడతాది సార్!" పిల్లలతోపాటు నేనూ ఈల వేశాను. ఆరోజు వరసలో మొదట నిలబడి అర్చన గిన్నెనిండా జావ తాగి మూతి తుడుచుకుంది. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది. మరుసటి వారం జావకి సగంమంది గ్లాసులు మాని గిన్నెలు పట్టుకొచ్చారు.

పోటీ జరిగిన సాయంత్రమే మనవరాలి కోసం వచ్చిన తవిటమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆ మాస్టారికి ఏటైనా తేడా సేసినాదా అమ్మా? నిన్న పొద్దుగూకి బొమ్మల గ్లాసొకటి అట్టుకొచ్చినారు. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి, నా నీళ్ళన్నీ ఒలకబోసీసినారు!"

నేను సరాసరి ఆయన దగ్గరికి వెళ్ళాను. "నాకేం తెలుసు అన్నారు! బాబీ గ్లాసు అడిగి తీసుకెళ్ళి ముందే కొలిచి చూశారటగా?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. "గట్టిగా అనకండి. సూసుకోకుండా పోటీ ఎట్టీసి, గిన్నె ఓడిపోతే ఆ పిల్ల మళ్ళీ బడి మొకం సూస్తాదా?"

"గిన్నెలో నిజంగానే తక్కువ పట్టి ఉంటే?"

"పోటీ మార్చీవోణ్ణి. ఏది నీటిమీద తేల్తాదో సూద్దారి అనీవోణ్ణి. సత్తుగిన్నె హాయిగా తేల్తాది, బాబీ గ్లాసు బుడుంగుమని ములిగిపోతాది."

"అదైనా నమ్మకమేనా?"

"తవిటమ్మ గోలెంలో యేసి సూసే వచ్చేనండీ," అన్నారు మాస్టారు. "అవి తాగీ నీళ్ళని ముసల్ది నన్ను తిట్టిన తిట్లకి మాత్రం ఏ సోలా సాలదు టీచరమ్మా!"