మామిడికాయ ముట్టని దేవె

మా సరోజన చిన్నమ్మ చేతివంటకు ఓరుగల్లు కొత్తవాడలో ఎదురు లేదు. పెళ్లయినా, దినాలయినా కబురు ఆమెకే. ఒకప్పుడు నేనూ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పేరెత్తితే ఒళ్లు మండుతుంది.

నేను ములుగు అడవిలో ఒక గుత్తికోయ గూడెంలో అంగన్‌వాడీ టీచర్‌ని. మడకం దేవె ఆ గూడెం మనిషే. ఛత్తీస్‌గఢ్‌లో కాల్పులకు భయపడి, ఇరవై ఏళ్ల కింద చంటిబిడ్డను చంకనేసుకుని నడిచొచ్చింది. ఊరు పోయింది, చేను పోయింది. ఇక్కడ మిరప చేలల్లో కూలి చేస్తుంది. గూడెంలో పండుగ వంట మాత్రం ఆమెదే. ఆమెకున్న గౌరవమంతా ఆ వంటే.

మార్చిలో కొత్తవాడ మహిళా సంఘం వాళ్లు వంటల మేళా పెట్టారు. ఊరు వదిలి వచ్చినవాళ్లూ, ఓరుగల్లువాళ్లూ కలిసి వండాలట. దేవెకు జోడీగా చిన్నమ్మను కుదిర్చింది నేనే. నా బుద్ధి గడ్డి తిన్నది!

దేవె ఒకే ఒక్కటి అడిగింది. "టీచరమ్మా, మా మామిడికాయ పండుగ ఇంక కాలే. దేవునికి వెట్టేదాంక కొత్త కాయ మేం ముట్టం. వంటల వడొద్దు. మా గూడెం పెద్దమనిషి గూడ తింటానికి వస్తాండు."

"అయ్యో, గంత మాత్రం తెల్వదా? నా మీద ఒట్టు, కాయను పొయ్యి దరికి గూడ రానియ్య," అంది చిన్నమ్మ.

మేళా రోజు దేవె ఎర్రచీమల చట్నీ నూరింది. చీమల పులుపే దానికి ప్రాణం. "ఛీ, చీమలేందే!" అని మొదట ముక్కు మూసుకున్న చిన్నమ్మే తర్వాత వేలు నాకింది. ఇక జనం ఎగబడ్డారు. మధ్యాహ్నానికి చట్నీ అడుగంటింది. దేవె బయట వడ్డిస్తోంది. నేను నీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. చిన్నమ్మ మామిడికాయ తురుము వేసి, మిగిలిన చట్నీతో కలిపి నూరుతోంది!

"చిన్నమ్మా! ఒట్టు వెట్టినవ్ గదా!"

"ఊకో బిడ్డా! జనం లైన్ల నిలవడ్డరు, నా పేరు వోతది. పులుపు పులుపే. ఎవ్వలకు ఎర్కయితది?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. అరిచాను గానీ గిన్నె లాక్కోలేదు. నలుగురిలో చిన్నమ్మ పరువు తీయడానికి మనసు రాలేదు. ఆ గిన్నె బయటికి వెళ్లింది.

గూడెం పెద్ద సోడి జోగయ్యకు దేవె తన చేత్తో వడ్డించి, తానూ కాస్త నాలుకకు రాసుకుంది. వెంటనే ఆమె ముఖం పాలిపోయింది. జోగయ్య అప్పటికే రెండు ముద్దలు మింగాడు. ఆయనకూ తెలిసిపోయింది. లేచి చేయి కడుక్కుని, దేవెతో కోయ భాషలో ఒక్క మాట అన్నాడు. పండుగ పొయ్యి దగ్గరికి ఇక రావద్దని.

"జర కాయేసిన, గంతే! గింత దానికేనా?" అని వంటగదిలోంచి వచ్చిన చిన్నమ్మ నవ్వేసింది.

దేవె ఆమె వైపు చూడనే లేదు. నా దగ్గరికి వచ్చింది.

"ఆమెకు మా సంగతేం ఎర్క? నువ్వు పదేండ్ల సంది మా పండుగలల్ల కూసున్నవ్. టీచరమ్మా, కాయేసింది నీకు ఎర్కేనా?"

లేదన్నాను. దేవె నమ్మింది. నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.