దబ్బకాయ పొడి కోసం వచ్చిన కనకమ్మక్క

ఈ రోజు మధ్యాహ్నం మద్రాసులో మా పురసవాక్కం ఇంట్లో దబ్బకాయ పొడి దంచాను. మా ఆయన కొత్వాల్ చావడి బజారు నుంచి ట్రాములో మోసుకొచ్చిన కాయలవి. ముక్కలకు ఉప్పు పట్టించి మిద్దె మీద గలగలలాడేలా ఎండబెట్టాను. వేయించిన ఎండుమిరపకాయలు, ఇంగువతో కలిపి రోట్లో దంచుతుంటే ఆ ఘాటు కింది వాటా దాకా పోయింది.

కింది వాటాలో ఉండే కనకమ్మక్క, తన చీరలు ఆరేసే చోట దబ్బ ముక్కలు పరిచానని పోయిన వారం నాతో పెద్ద గొడవ పెట్టుకుంది. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. అలాంటి మనిషి గిన్నె పట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"మా వసంతకు నెల తప్పినప్పటినుంచీ ఏమీ ఇమడడంలా. నీళ్లు తాగినా కక్కతా ఉంది. ఇప్పుడీ వాసనకి లేచి కూచుని, అమ్మా, నాకది కావాలంటా ఉంది. రవంత ఇస్తావా?" అంది, నా మొహం చూడకుండా.

గిన్నె నిండా పొడి వేసి ఇచ్చాను. గొడవ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

సాయంత్రం ఉండబట్టలేక కిందికి వెళ్లాను. వసంత వేడన్నంలో పొడి, నువ్వులనూనె కలుపుకుని ఆబగా తింటోంది. పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్న కనకమ్మక్క కళ్లు తడిగా ఉన్నాయి. నన్ను చూడగానే పైట చెంగుతో తుడుచుకుని, "అంతా బాగుంది గానీ, ఉప్పే ఓ చిటికెడు తక్కువ పడింది పో!" అంది.

పైకొచ్చి రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. మీ ఇరుగుపొరుగువాళ్లు కూడా ఇలాగే రాజీపడతారా?