ఎవరి పోలిక

డాక్టర్ చెప్పిన జబ్బును బేరమాడి తగ్గించిన మనిషి తార్నాక మొత్తానికి నేనొక్కతినే అయి ఉంటాను. మా వాణ్ణి తీసుకుని మూడు చోట్ల తిరిగాను. మొదటి డాక్టరమ్మ గుండెకు స్కాన్, రక్తంలో జన్యు పరీక్ష, రెండూ కావాలంది. రెండో ఆయన ప్రస్తుతానికి స్కాన్ చాలన్నాడు. మూడో ఆయన కొందరు పిల్లలు ఆలస్యంగానే ఎదుగుతారు, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. నేను మూడో ఆయన దగ్గర ఆగాను. ముషీరాబాద్‌లో మా నాన్న కిరాణా దుకాణంలో, పప్పు బస్తాల మధ్య పెరిగినదాన్ని. తక్కువ చెప్పినవాడి దగ్గర ఆగడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. ఇప్పుడు యూనివర్సిటీలో కామర్స్ పాఠాలు చెబుతున్నా, ఆ బుద్ధి నన్ను వదల్లేదు.

మా వాడికి అప్పుడు మూడేళ్లు. రెండేళ్లు నిండాక గానీ నడవలేదు. మాటలు ఇంకా కొన్నే. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. కొత్తవాళ్లంటే మాత్రం బెరుకు లేదు. మా నాన్న గల్లా పక్కన కూర్చోబెడితే, దారిన పోయేవాళ్లను "మామా, రా" అని పిలిచేవాడు. వాళ్లు నవ్వుకుంటూ లోపలికి వచ్చి, అవసరం లేని అగరొత్తులైనా కొనుక్కుని పోయేవారు. వీడు పుట్టుకతోనే సేటు అని నాన్న మురిసిపోయాడు. పక్క దుకాణాలవాళ్లూ మురిసిపోయారు. ఇంకో ఇంట్లో అయితే ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేదేమో. గిరాకీని పిలిచే పిల్లవాడిలో లోపం వెతికే మనిషి మా బజారులో లేడు.

మొదటి డాక్టరమ్మ గదిలోకి వెళ్లగానే వాడు ఆమె ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. నేను గర్వంగా చూశాను. ఆమె నవ్వలేదు.

"ఈ వయసు పిల్లలు నన్ను చూస్తే ఏడ్వాలమ్మా. వీడు ఎందుకు ఏడుస్తలేడు?"

కళ్ల చుట్టూ ఉబ్బు, వెడల్పు నోరు, ఎడం ఎడంగా చిన్న పళ్లు, గుండె చప్పుడులో కలిసి వినిపించే ఇంకో శబ్దం. విడివిడిగా చూస్తే ఇవి ఏ పిల్లల్లోనైనా ఉండొచ్చనీ, అన్నీ ఒక్కరిలో కలిస్తే మాత్రం వదిలేయకూడదనీ నెమ్మదిగా చెప్పింది. నావీ మా ఆయనవీ చిన్నప్పటి ఫొటోలు, మా తోబుట్టువులవి కూడా తెమ్మంది. ఆ ముఖం ఇంటి పోలికా కాదా అన్నది ముందు చూడాలట.

రెండు ఇళ్ల ఆల్బమ్‌లూ తిరగేశాం. ఎవరి పోలికా లేదు. అప్పుడు మా అమ్మ, మా ఆయన తమ్ముడి పేరు ఎత్తింది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి పోయిన పిల్లవాడు. ఫొటో ఒక్కటీ లేదు. ఆ బుగ్గలు ఆ పిల్లవాడివే అయి ఉంటాయని అమ్మ తేల్చేసింది. ఫొటో లేనివాడి పోలిక కాదని ఎవరు అనగలరు?

పరీక్ష చేయిద్దామని మా ఆయన రోజూ అడిగేవాడు. నాకేమో రేపు ఏదైనా బయటపడితే అత్తింటివాళ్లు తల్లినే అంటారని భయం. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే మన ధర చెప్పేయాలన్నది దుకాణం నీతి. ఒక సాయంత్రం చెప్పేశాను.

"వాడు మీ తమ్ముని లెక్కనే ఉన్నడు. ఏమున్నా మీ దిక్కు నుంచే వచ్చి ఉంటది. పరీక్ష జేయించి గదే తెల్సుకుంటరా?"

ఆ తర్వాత ఆయన పరీక్ష మాట ఎత్తలేదు. బేరం కుదిరిందనుకున్నాను. ఏడాది అలాగే గడిచిపోయింది.

సాయంత్రాలు వాణ్ణి క్యాంపస్‌లో నడిపించేదాన్ని. ఒకరోజు తోటి లెక్చరర్‌తో మాట్లాడుతూ రెండు నిమిషాలు అటు తిరిగాను. వాడు లేడు. హాస్టళ్ల వైపు పరుగెత్తాను, మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తాను. చివరికి ఒక విద్యార్థి వాణ్ణి చేయి పట్టుకుని నడిపించుకొస్తూ కనిపించాడు.

"మేడమ్, మీ బాబేనా? నాతోని మా రూముకే వస్తనంటుండు. ఎవ్వలతోనైనా గిట్లనే పోతడా?"

పోతాడు. ఎవరితోనైనా పోతాడు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రోడ్డు మీద దొరికింది. మర్నాడే ఆమె దగ్గరికి వెళ్లాం. ఇన్నాళ్లు ఎక్కడికి పోయారని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేది.

స్కాన్‌లో, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఒకచోట సన్నబడినట్టు తేలింది. ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు, కానీ క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి. జన్యు పరీక్ష కోసం మా ముగ్గురి రక్తమూ తీశారు. ఫలితం వచ్చాక, ఏడో క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేదనీ, వాడి స్నేహమూ, ముఖమూ, గుండె ఇబ్బందీ అన్నిటికీ మూలం అదేననీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మా ఆయన బొమ్మ వైపు చూడలేదు.

"నా దిక్కు నుంచి వచ్చిందా మేడమ్?"

"కాదయ్యా. మీ ఇద్దరిలో ఎవరికీ లేదు. వీడితోనే కొత్తగ మొదలైంది. ఎవరి తప్పూ కాదు."

ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఆమె విసుక్కోకుండా మళ్లీ అదే జవాబు చెప్పింది.

బయటికి వచ్చి బస్ స్టాపులో కూర్చున్నాం. వాడు పక్కనున్న ముసలాయనతో అప్పుడే చుట్టరికం కలిపేశాడు. మా ఆయన అన్నాడు.

"మా తమ్ముడు ఉత్త జ్వరంతోనే పోయిండు. ఇంకేం లేకుండె వానికి."

ఔనన్నాను.

ఇక బిల్లు. గుండె సంగతి ఆలస్యం వల్ల ముదరలేదని డాక్టరమ్మ చెప్పింది. అది నా తెలివి కాదు, వాడి అదృష్టం. కాబట్టి అది నా లాభంలో రాయను. మాట కోసం, చేతి పట్టు కోసం మొదలుపెట్టాల్సిన శిక్షణ ఏడాది వెనకబడింది. అది వాడి నుంచి నేను తీసుకున్నది. ఇప్పుడు వారానికి మూడుసార్లు తిప్పుతున్నా ఆ ఏడాది తిరిగి రాదు. ఇక మా ఆయన. కొడుకు గుండెలోని జబ్బు తన రక్తమేననీ, చనిపోయిన తమ్ముడిలో కూడా అదే ఉండిందేమోననీ అనుకుంటూ, ఆ ఏడాదంతా రోజూ వాడికి స్నానం చేయించి, అన్నం తినిపించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మొత్తం నా పేరు మీదే ఉంది. తగ్గించమని నేను అడగలేదు.