పలకరించకూడని తెల్లగద్ద

పాక్ లాంగ్ దెరామన్ తన జీవితంలో ఒక్క వింత కూడా చూడలేదు. కళ్ళు లేక కాదు. ఎదురుగా ఏనుగొచ్చి నిలబడినా "ఇక్కడ కాస్త నీడగా ఉందే" అని పక్కకు తప్పుకునే రకం. అడవిలోగానీ ఏటిలోగానీ వింతైనదేదైనా కనిపిస్తే దాన్ని పలకరించకూడదని మా మలయ్ పల్లెల్లో పెద్దల మాట. 'అదిగో' అనకూడదు, వేలు చూపించకూడదు, పేరు పెట్టకూడదు. పలకరిస్తే అది మన వెంట ఇంటికొచ్చేస్తుంది. మేమంతా ఈ కట్టడిని అడవిలో ఉన్నంతసేపే పాటిస్తాం. పాక్ లాంగ్ వంటింట్లో కూడా పాటిస్తాడు.

ఒకసారి టీకొట్టు కక్ నాబ్ వంటపాక అంటుకుంది. ఈయన తాపీగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నాబ్, ఇవాళ నీ టీ మరీ వేడిగా ఉంటుందేమో."

"ఎప్పుడు చల్లగా ఇచ్చాను, పాక్ లాంగ్?"

"అది కాదు. నువ్వు కాస్త బయటికొచ్చి కూర్చోరాదూ?"

"బేరాల వేళ కూర్చుంటే నా పిల్లలకి మీరు పెడతారా?"

"కూర్చోకపోతే కొప్పు కూడా వేడెక్కుతుంది మరి."

ఈలోగా మేం పరుగెత్తి ఏటినీళ్ళు పోసి ఆర్పాం. కక్ నాబ్ గరిటె పట్టుకుని ఆయన మీదికొచ్చింది. "నిప్పంటుకుందని చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"మామూలు నిప్పయితే చెప్పేవాణ్ణే. నీలంగా మండింది. వింతగా ఉంది."

ఇలాంటి మనిషి బతుకుతెరువు ఏమిటనుకున్నారు? యాత్రికుల్ని పడవెక్కించుకుని మడ అడవిలో గద్దల్ని చూపించడం! తిక్క బుర్రల ఈ ఊళ్ళో ఎవరికి ఏ పని తగదో వాళ్ళకి ఆ పనే దొరుకుతుంది. నాకు పడవ ఇంజన్లు దొరికినట్టు. ఆయన ఇంజను ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కాబట్టి నన్నూ వెంటపెట్టుకుని వెళ్ళేవాడు. గద్ద కనిపించగానే పాక్ లాంగ్ గొంతు సవరించుకుని, "మెడనొప్పి లేనివాళ్ళు ఎడమవైపు తిరగొచ్చు" అనేవాడు. అంతే. చూసినవాడు చూశాడు, చూడనివాడు చూడలేదు.

పోయిన ఎండాకాలం మా ఏట్లో ఒక తెల్లగద్ద కనిపించింది. మామూలుగా ఈ గద్దలకి తల, రొమ్ము తెలుపు, మిగిలిన ఒళ్ళంతా ఇటుకరంగు. దీనికి తోకదాకా ఒకటే తెలుపు. ఇస్త్రీ చేసి ఆకాశంలోకి విసిరినట్టు ఉండేది. ఊరంతా గుసగుసలు. పాక్ లాంగ్ మాత్రం ఒక్కటే మాట: "కొంగ."

"కొంగకి వంకర ముక్కు ఉంటుందా?" అన్నాను.

"జలుబు చేసి ఉంటుంది."

"గోళ్ళతో చేపని తన్నుకుపోయింది!"

"ఈ మధ్య కొంగలూ పైకొస్తున్నాయి. నువ్వే ఇంకా ఇక్కడున్నావు."

ఈకల్లో రంగు చేరకపోతే ఒక్కోసారి ఇలా పుడతాయనీ, కళ్ళు మాత్రం మామూలుగానే ఉంటాయనీ, జబ్బూ కాదు మహిమా కాదనీ పుస్తకంలో చదివింది చెప్పాను.

"చదివావుగా. ఇంక నోరు మూసుకో," అన్నాడు.

మేం మూసుకున్నా యాత్రికుల ఫోన్లు మూసుకోవు కదా. ఎవరో తీసిన ఫొటో చూసి పట్నం నుంచి కమరూల్ సార్ దిగాడు, ఇద్దరు పనివాళ్ళతో. ఆయన కడుతున్న హోటల్లో పెద్ద అద్దాల గది ఉందట. అందులో ఆ గద్దని పెడతాడట. పడవ కావాలన్నాడు. పాక్ లాంగ్ వెంటనే ఒప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు కూడానా!"

"నేను కాదంటే దారి తెలిసినవాడు తీసుకెళ్తాడు. నేనైతే దారి తప్పుతాను," అన్నాడు మెల్లగా.

తప్పాడు కూడా. పొద్దున బయల్దేరి, గద్దలు తిరిగే చోటు వదిలేసి, దోమలు తప్ప ఏమీ పెరగని పాయలన్నీ తిప్పాడు.

"ఇక్కడ గద్దలున్నాయా?" అని కమరూల్ సార్ ఒళ్ళు చరుచుకుంటూ అడిగాడు.

"మీ మెడ ఎలా ఉంది సార్?"

అయితే పాక్ లాంగ్ ఇంత తెలివి చూపించీ ఒక్క సంగతి మరిచిపోయాడు. మా ఏట్లో పడవలవాళ్ళు రోజూ కోడితోళ్ళు విసిరీ విసిరీ, గద్దలకి ఇంజను చప్పుడంటే భోజనం గంట అయిపోయింది. మేం ఎంత దూరం పారిపోతే తెల్లగద్ద అంత దూరం మా వెనకే వచ్చింది. చివరికి నెత్తి మీద గొడుగులా తిరగడం మొదలెట్టింది.

కమరూల్ సార్ ఎగిరి గంతేశాడు. పనివాళ్ళు మట్టిమేట మీద చేప పెట్టి, చుట్టూ నైలాన్ ఉచ్చులు పరిచి పడవెక్కారు. గద్ద ఒక చుట్టు కిందికి దిగింది. ఇంకో చుట్టు దిగింది. కాళ్ళు చాపింది. హఠాత్తుగా పాక్ లాంగ్ పడవ మధ్యలో లేచి నిలబడి, పడవ బోర్లా పడబోయేంతగా చేతులూపుతూ అరిచాడు:

"ఓ తెల్లగద్దమ్మా! ఎంత తెల్లగా ఉన్నావే తల్లీ! అది తినకు, మంచి చేప కాదు! మా ఇంటికి రా, అన్నం పెడతాను!"

గద్ద బెదిరి పైకి లేచి, అడవి దాటి సముద్రం వైపు పోయింది.

"ముసలాడా!" అని కమరూల్ సార్ గంతేశాడు, ఈసారి కోపంతో. "రేయ్, ఉచ్చులు అలాగే ఉంచండి. మళ్ళీ వస్తుంది."

పనివాళ్ళు అప్పటికే మేట మీదికి దిగి గబగబా ఉచ్చులు చుట్టేస్తున్నారు. "మేం ముట్టుకోం సార్. ఆయన పేరు పెట్టి పలకరించేశాడు. ఇంటికి పిలిచాడు. ఒకరింటి చుట్టాన్ని మనం పట్టుకుంటే మా అమ్మమ్మ గోరీలోంచి లేచొస్తుంది."

కమరూల్ సార్‌కీ అమ్మమ్మ ఉండి ఉంటుంది. కాస్త తగ్గి, "మా వెంటగానీ వస్తుందా?" అని అడిగాడు.

"భయపడకండి సార్. మా అడ్రసే ఇచ్చాను," అన్నాడు పాక్ లాంగ్.

వాళ్ళని రేవులో దింపాక అడిగాను. "జన్మలో మొదటిసారి పలకరించారు. భయం లేదా?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు ఈ ఏట్లో దేన్ని చూసి 'అబ్బ' అన్నా, నాలుగు రోజుల్లో అది ఎవడి పంజరంలోనో తేలేది. పలకరిస్తే వెంటపడేది దెయ్యమని మా అమ్మ చెప్పేది. నేను చూసినంతవరకు అది ప్యాంటు వేసుకునే వచ్చిందిరా."

ఏదో నామోషీ పని చేసినట్టు తల దించుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు వాళ్ళ పెరట్లో గుంజ మీద ఒక పళ్ళెం, పళ్ళెంలో చేప, పక్కన అన్నం. ఆయన భార్య మక్ లాంగ్ గొంతు వీధిదాకా వినిపిస్తోంది.

"ఇంట్లో పెళ్ళానికి చెప్పకుండా చుట్టాల్ని పిలిచే మగాడు ఈ ఊళ్ళో ఇంకెవడైనా ఉన్నాడా? పోనీ ఎవరో చెప్పొద్దూ?"

"ఎవరో ఒకరు. దూరపువాళ్ళు," అన్నాడు పాక్ లాంగ్ చేతులు కట్టుకుని.

"ఎప్పుడొస్తారు?"

"వాళ్ళకి వీలైనప్పుడు."

ఆవిడ గుంజ వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. నలభై ఏళ్ళ కాపురం. పళ్ళెం కిందికి దించి, గట్టు మీద కూర్చుని, సణుక్కుంటూనే చేపలో ముళ్ళు ఏరడం మొదలెట్టింది.